ఓల్డర్‌హమ్ ఆర్గన్‌కి తోకుంది

హిండర్క్ పెళ్ళి రోజున ఓల్డర్‌హమ్ ఊరు ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. పెళ్ళి ఆగిపోయేంత పనేమీ జరగలేదు. పెళ్ళికొడుకు ముక్కు మీద నక్క తోక పడింది, అంతే.

హిండర్క్‌ది ఆ ఊరు కాదు. సముద్రపు కట్ట వెంబడే పోతే కొన్ని చర్చి గోపురాల అవతల ఇంకో పల్లె. ఆవుల ఇంట్లో పుట్టాడు. పాలు పితికే చేతులే గానీ, ఆ వేళ్ళకి చిన్నప్పట్నించీ ఆర్గన్ పిచ్చి. వాళ్ళ ఊరి చర్చిలో ఆర్గన్ బట్టల బీరువా అంత ఉండేది. ఒక్కో స్వరానికి ఒక్కో పిడి లాగాలి, ఉన్న నాలుగు పిడుల్లో రెండు లాగితే ఊడి చేతికొచ్చేవి. ఓల్డర్‌హమ్ ఆర్గన్ సంగతి అలా కాదు. గోడ నిండా గొట్టాలు, పైన బాకాలు పట్టుకుని బూరెబుగ్గల చెక్క దేవదూతలు. అందులో పిల్లనగ్రోవి అని ఒక స్వరం ఉంది. అది పలికితే కట్ట మీద మేస్తున్న ఆవు కూడా పాలు చేపుతుందని ఆ తీరమంతా చెప్పుకునేవారు.

పెళ్ళికూతురు ఫోల్కెది ఓల్డర్‌హమే. ఇద్దరూ సంతలో రంగులరాట్నం దగ్గర కలుసుకున్నారు. రాట్నం నడిమధ్య ఒక డబ్బా ఆర్గన్, రాట్నం తిరిగినంతసేపూ ఒకటే పాట గుర్రుగుర్రుమంటూ వాయించేది. హిండర్క్‌కి అప్పటికి చేతిలో చేపముక్క రొట్టె, గుండెల్లో ప్రేమ. ఆ రెంటి మధ్యా మాటిచ్చేశాడు.

"మన పెళ్ళికి మీ ఊరి ఆర్గన్ మీద ఈ పాటే వాయిస్తా."

"చర్చిలోనా? రంగులరాట్నం పాటా?" అని ఫోల్కె నవ్వింది. ఆ నవ్వులోనే ఒప్పేసుకుంది. ఆర్గన్‌కి తోకుందని మాత్రం చెప్పలేదు. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకి అది ఒకరికి చెప్పాల్సిన సంగతని తోచదు మరి.

పెళ్ళి రోజు పొద్దున్నే, జనం రాకముందే, హిండర్క్ కొత్త కోటు తొడుక్కుని ఆర్గన్ మేడ ఎక్కాడు. ఫోల్కె అన్నయ్య రీమ్ట్ వెంట వచ్చాడు. వారమంతా ఊరికి రొట్టెలు కాల్చేదీ, ఆదివారం ఆర్గన్ వాయించేదీ రీమ్టే.

"అన్నీ చూసుకో బావా. నీదే అనుకో," అన్నాడు పెద్దమనసుతో.

పిడుల వరసలో ఎడమ పక్క అట్టడుగున ఒకటుంది. దాని మీద పింగాణీ బిళ్ళ, బిళ్ళ మీద 'తాకరాదు' అని రాత.

"ఇదేంటి బావా?"

"అదా... అది వద్దులే. పై ఊరివాళ్ళ వల్ల కాదు అది."

అంతే. హిండర్క్ చెయ్యి తనంతట తానే పోయి దాన్ని లాగేసింది. మొహానికి సూటిగా ఉన్న చిన్న తలుపు టక్కున తెరుచుకుంది. స్ప్రింగు మీద నక్క తోకొకటి ఎగిరొచ్చి, తన దుమ్మంతా పెళ్ళికొడుకు ముక్కులోకి దులిపింది. రీమ్ట్ కిటికీలోంచి తల బయటపెట్టి "పడ్డాడర్రోయ్!" అని ఊరంతటికీ వినపడేలా కేకేశాడు.

ఎప్పటివాడో ఒక ఆర్గన్ మేస్త్రీ బీరు దిట్టంగా పట్టించి చేసిన పరాచకం అది. పరాచకంతో పోతే బాగుండేది. ఆ ఊళ్ళో దానికో కట్టుబాటు ఉంది. తోక లాగినవాడు ఆర్గన్ వెనక గదిలో దానికి గాలి కొట్టే తిత్తులు తొక్కాలి, ఇంకొకడెవడైనా లాగేదాకా. తొక్కేవాడు మీటల మీద వేలు పెట్టకూడదు. ఇది ఎవరు పెట్టారో తెలీదు. బైబిల్లో లేదు. ఓల్డర్‌హమ్‌లో బైబిల్ని కాస్త అటూ ఇటూ చేసినా ఊరుకుంటారు గానీ దీన్ని కదపనివ్వరు.

అప్పటిదాకా తొక్కుతున్న ముసలాయన వెనక గదిలోంచి బయటికొచ్చి, హిండర్క్‌ని కావలించుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నీ కడుపు చల్లగుండ నాయనా," అని కాళ్ళకున్న చెక్క చెప్పులు అక్కడికక్కడే విప్పి ఇచ్చేశాడు. ఆ చెప్పులు తొక్కుడు పనివి. వంశపారంపర్యం కాదు, మూర్ఖపారంపర్యం.

తన పెళ్ళికి తనే గాలి కొట్టిన పెళ్ళికొడుకు ఆ తీరం మొత్తంలో హిండర్క్ ఒక్కడే. పాట వచ్చినప్పుడల్లా పెళ్ళికూతురి చెయ్యి వదిలి మేడెక్కడం, పాట అయ్యాక చెమటలు కక్కుతూ దిగొచ్చి మళ్ళీ చెయ్యి పట్టుకోవడం. పాస్టరుగారు "ఈమెను స్వీకరిస్తావా?" అని అడిగితే ఆయాసంతో మాట రాక తలాడించాడు.

రంగులరాట్నం పాట అలా ఉండిపోయింది.

*

పాతికేళ్ళు గడిచాయి. తోక జోలికి ఎవరూ పోలేదు. ఊళ్ళోవాళ్ళకి పుట్టుకతోనే తెలుసు. పై ఊళ్ళ నుంచి ఆర్గన్ చూడ్డానికి వచ్చేవాళ్ళు వేరే పాత ఆర్గన్లలో ఇలాంటి తోకలు చాలా చూసినవాళ్ళు, 'తాకరాదు' అన్న బిళ్ళ చూడగానే ముసిముసిగా నవ్వి చేతులు వెనక్కి కట్టుకునేవారు. ఆర్గన్ తెలీనివాడు ఆ బెంచీ ఎక్కడు, తెలిసినవాడు తోక లాగడు. హిండర్క్ మధ్యలో ఇరుక్కుపోయాడు.

ఒకసారి పట్నం నుంచి పెద్దలొచ్చి కరెంటు మోటారు పెట్టిస్తామన్నారు. ఊరు కూర్చుని ఆలోచించి వద్దంది. "మోటారు గాలి కొడితే తోక లాగినవాణ్ణి ఏం చేసుకోవాలి?" అని ఎవరో అడిగారు. దాంతో పెద్దలు మళ్ళీ పట్నం దారి పట్టారు.

తొక్కుడంటే ఏముంది, మూడు పెద్ద తోలు తిత్తులు, ఒక్కోదానికి ఒక్కో దుంగ. దుంగ ఎక్కి నిలబడితే అది బరువుకి దిగుతుంది, తిత్తి ఉబ్బుతుంది. అది అణిగేలోగా పక్క దుంగ ఎక్కాలి. మనిషి ప్రార్థన అయ్యేదాకా మెట్లెక్కుతూనే ఉంటాడు, ఏ పైకీ చేరడు. పైపెచ్చు గంటొకటి. ముందు కూర్చున్నవాడు ఒక పిడి లాగితే వెనక గదిలో అది మోగుతుంది, 'లేవరా, తొక్కరా' అని. రీమ్ట్ దాన్ని అవసరం ఉన్నా లాగేవాడు, లేకపోయినా లాగేవాడు. ప్రసంగం మధ్యలో హిండర్క్‌కి కునుకు పట్టేవేళకి మరీ సరదాగా లాగేవాడు.

హిండర్క్‌కి ఉన్న ఓదార్పల్లా పిట్ట. ఆర్గన్‌లో పిట్ట స్వరం కూడా ఉంది. చిన్న గిన్నెలో నీళ్ళు పోసి, అందులోకి రెండు సన్న గొట్టాలు వంచిపెడతారు, గాలి వదిలితే కిచకిచమంటుంది. చలికాలం నీళ్ళు గడ్డకడుతున్నాయని ఎవరో సారా పోయడం మొదలుపెట్టారు. ఎండాకాలంలో కూడా మానెయ్యాలని ఎవరికీ అనిపించలేదు. గిన్నె ఉండేది తిత్తుల గదిలోనే.

"పిట్ట గొంతు మళ్ళీ ఎండిపోయింది బావా. ఎవరు తాగుతున్నారంటావ్?" అని రీమ్ట్ అడిగేవాడు.

"ఎలుకలు బావా, ఎలుకలు," అనేవాడు హిండర్క్, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

*

ఆ ఏడు వేసవిలో వాళ్ళ వెండి పెళ్ళిరోజు దగ్గర పడింది. గుమ్మానికి కట్టే పచ్చని తోరణానికి ఇరుగుపొరుగు అప్పుడే వెండి కాగితం పూలు చుడుతున్నారు. ఆదివారం భోజనాలయ్యాక ఫోల్కె టీ పోస్తోంది. కప్పులో కలకండ ముక్క వేడికి చిటపటమంది. పైన మీగడ బొట్టు మబ్బులా విచ్చుకుంది. బల్లకి అటు రీమ్ట్. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, ప్రతి ఆదివారం చెల్లెలింట్లోనే తినేవాడు. ఆర్గన్ ఉండగా ఇంకొకరెందుకు అనేవాడు గానీ, అసలు ఆ ఇంకొకరెవరూ ఒప్పుకోలేదని ఊరికి తెలుసు.

"పాట సంగతేంటి?" అంది ఫోల్కె మొగుడితో.

"ఏ పాట?"

"ఏ పాటా! చేపముక్క తింటూ మాటిచ్చావే, ఆ పాట."

"నేను తొక్కేవాణ్ణి కదే. మీట ముడితే ఊరు ఊరుకుంటుందా?"

"పాతికేళ్ళు ఊరికోసం ఊరుకున్నా. ఇక ఊరుకోను. ఆ పాట వాయించకపోతే వెండి పెళ్ళికి నేను చర్చికే రాను. నువ్వూ మా అన్నయ్యా చేతులు పట్టుకుని పాస్టరుగారి ముందు నిలబడండి. ఎటూ ఆదివారాలు నాకంటే వాడితోనే ఎక్కువ కాపురం చేస్తున్నావు."

రీమ్ట్‌కి టీ ముక్కులోకి పోయింది. "మధ్యలో నేనేం చేశానే?"

"పై ఊరివాళ్ళ వల్ల కాదు అన్నదెవరు?"

"ఏదో మాటవరసకన్నాను."

"నీ మాటవరసకి నా మొగుడి మోకాళ్ళు అరిగాయి. చూడన్నయ్యా, శనివారం బస్సులో ఆ ఆర్గన్ పిచ్చోళ్ళు వస్తున్నారుగా, వాళ్ళలో ఒకళ్ళ చేత తోక లాగించు. లేకపోతే..." అని, చెంచా తీసి అన్నయ్య కప్పులో నిలబెట్టింది.

ఆ ఊళ్ళో కప్పులో చెంచా పెట్టారంటే 'చాలు, ఇక పొయ్యొద్దు' అని అర్థం. తాగేవాడు పెట్టుకోవాలి దాన్ని. ఇంటావిడే పెట్టడం రీమ్ట్ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆదివారం వేపుడు మాంసం, ఎర్ర క్యాబేజీ, రమ్ములో ఊరిన ఎండుద్రాక్షలు అన్నీ కళ్ళముందు కదిలాయి. చెంచా మెల్లగా తీసి సాసర్లో పెట్టి, "సరేలేవే," అన్నాడు.

*

శనివారం పొద్దున రీమ్ట్ చెల్లెలి దగ్గర నిచ్చెన అడిగి తెచ్చుకుని ఆర్గన్ వెనక్కి ఎక్కాడు. హిండర్క్ కింద పట్టుకున్నాడు.

"తాకరాదు అంటే ఎవరూ తాకట్లేదు బావా," అన్నాడు రీమ్ట్ పైనుంచి. "మరి ఈ బెంచీ మీద కూర్చున్నవాడు తాకకుండా ఉండలేనిది ఏంటి చెప్పు?"

"పిల్లనగ్రోవి."

"అదీ. దేశాలు దాటి వచ్చేది దానికోసమే కదా." తోక తాడుని పాత పిడి నుంచి విప్పి, పిల్లనగ్రోవి పిడి వెనక కట్టేశాడు. "ఇప్పుడు అది లాగితే పాటా వస్తుంది, తోకా వస్తుంది. కింద ఆ తాకరాదు పిడి ఉత్త చెక్కముక్క. దాన్ని చూసి, మనకి తెలుసులే అని నవ్వుకుంటారు చూడు, ఆ నవ్వులో ఉండగానే పడతారు."

"ఇది మోసం కాదూ?"

"నీ ముక్కు మీద పడ్డప్పుడు ధర్మమా?"

హిండర్క్ నిచ్చెనని ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు. "ముడి గట్టిగా వెయ్యి," అన్నాడు.

"నాకు చెప్తావా! నా చెయ్యి ఆ పిడి మీదే పుట్టి పెరిగినట్టుంటుంది. కళ్ళు మూసుకుని లాగమన్నా లాగుతా."

మధ్యాహ్నానికి బస్సు వచ్చింది. దాంట్లోంచి డజను మంది దిగారు, అందరూ ఆర్గన్లు వాయించేవాళ్ళే, సెలవులకి కూడా ఇంకొకళ్ళ ఆర్గన్లు వాయించడానికే తిరిగే రకం. వాళ్ళకి పెద్ద ఆల్చె అనే ఆవిడ. ఖాడీ, అంటే కట్ట ముందున్న సముద్రపు పాయ, దానవతల డచ్చి వైపు మనిషి. మనిషి నిండుగా ఉంటుంది, గొంతు ఇంకా నిండుగా ఉంటుంది, ఆర్గన్ కింద కాళ్ళతో వాయించే పెడళ్ళ కోసమని వేరే బూట్లు సంచీలో వేసుకుని తిరుగుతుంది. చర్చి ఆవరణలో బల్లలేసి ఫోల్కె అందరికీ టీ పోసింది. వాళ్ళు కూర్చోగానే మొదలుపెట్టారు.

"నాకు మాత్రం ఆ పట్నం పెద్ద చర్చిదే ఇష్టం," అన్నాడొక బక్కాయన. "దాని ముందు కూర్చుంటే ఓడ నడిపినట్టుంటుంది."

"నిజమే, ఓడే," అంది ఆల్చె. "మీట నొక్కి, కిందికి దిగి, టీ తాగి వస్తే అప్పుడు మోగుతుంది."

"పోనీ ఆ మఠంలోది? బాకాలు ఎంత బాగుంటాయి!"

"బాకాలు బాగుంటాయి. వింటే ముందు వరస ముసలమ్మలకి తీర్పు రోజు వచ్చేసిందని కాళ్ళు వణుకుతాయి. పోయినసారి ఒకావిడ అక్కడికక్కడే పక్కావిడకి తప్పులన్నీ ఒప్పేసుకుంది. ఆ తర్వాత ఆ ఇద్దరికీ మాటల్లేవు."

"మరి మీకేది ఇష్టమండీ?"

"ఆర్గన్లు అత్తగార్లలాంటివి నాయనా. గొప్పింటివి దర్జాగా ఉంటాయి, చెప్పింది వినవు. నాకు పల్లెటూరివే నచ్చుతాయి. కాస్త దగ్గు, కాస్త మొండితనం. నొక్కామంటే ఎదురు తిట్టాలి." అని, పక్కన నిలబడ్డ హిండర్క్‌ని చూసింది. "మీకేది ఇష్టం?"

"నాకు ఆర్గన్ వెనకవైపే తెలుసండీ," అన్నాడు హిండర్క్. "అటునుంచి చూస్తే అన్నీ తిండిపోతులే. ఎంత పెట్టినా చాలదు. వాయించాలని ఉన్నది మాత్రం ఒకటుంది. ఈ గోడ అవతలే ఉంది."

ఆల్చె ఏదో అనబోయింది. అంతలో ఫోల్కె కెటిలు పట్టుకుని వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఆడవాళ్ళిద్దరూ తలలు దగ్గర పెట్టుకున్నారు. హిండర్క్ చెక్క చెప్పులు ఈడ్చుకుంటూ తిత్తుల గదికి పోయాడు.

*

తిత్తుల గది చెక్క గోడలో ఒక కన్నం ఉంది. దానికి కన్ను ఆనిస్తే బెంచీ సగం, కూర్చున్నవాళ్ళ తలా భుజం, పిడుల కుడి వరస కనపడతాయి. హిండర్క్ కన్నానికి కన్ను ఆనించి, కాళ్ళు దుంగల మీద పెట్టాడు.

ఆల్చె బూట్లు మార్చుకుని కూర్చుంది. ముందుగా ఎడమ పక్క కిందికి వంగి చదివింది. "అదిగో తోక! పాపం, ఎన్నాళ్ళయిందో తిండి లేక!" అంది. అందరూ ఘొల్లుమన్నారు. రీమ్ట్ కూడా నవ్వాడు, అందరికంటే ఎక్కువగా.

తర్వాత వాయించింది. చిన్న స్వరాలు లాగింది, పెద్దవి లాగింది. బాకాలు లాగినప్పుడు తిత్తులు ఆవురావురుమన్నాయి, హిండర్క్ దుంగ మీంచి దుంగ మీదికి మేకపిల్లలా గెంతాడు. పిట్ట లాగింది. పిట్ట కాస్త మత్తుగా కూసింది. ఇక మిగిలింది ఒక్కటే. హిండర్క్ మళ్ళీ కన్నానికి కన్ను ఆనించాడు. ఆవిడ చెయ్యి పిల్లనగ్రోవి పిడి దాకా వెళ్ళింది, దాన్ని ఒకసారి చూసింది, వెనక్కి వచ్చి ఒళ్ళో కూర్చుంది.

"ఇది మాత్రం నేను లాగను," అంది.

"అదేంటండీ! దానికోసమేగా అంత దూరం నుంచి వచ్చారు!" అన్నాడు రీమ్ట్. గొంతు కాస్త కీచుమంది.

"ఎవరింటికి వెళ్ళినా వాళ్ళ చంటిబిడ్డని నా అంతట నేను ఉయ్యాల్లోంచి తియ్యను. ఇంటివాళ్ళు ఎత్తుకొచ్చి చూపిస్తే చూస్తా. మీరు వినిపించండి."

"అబ్బే, నేనేంటి, నా మొహం. మీరే లాగండి. మొహమాటపడకండి."

"ఈ తీరంలో ఆ స్వరం పలకాలంటే మీ చెయ్యే పడాలటగా? ఖాడీ అవతల మా ఊళ్ళో కూడా అంటారు."

"మీ ఊళ్ళో కూడానా?" అన్నాడు రీమ్ట్.

"మా ఊళ్ళో మరీ అంటారు."

రీమ్ట్ కోటు సర్దుకున్నాడు. జుట్టు సర్దుకున్నాడు. ఆవిడ లేచి చోటిచ్చింది. రాజు సింహాసనం ఎక్కినట్టు బెంచీ మీద కూర్చుని అందరి వైపూ తిరిగాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. హిండర్క్‌కి కన్నంలోంచి ఆ చెవులు స్పష్టంగా కనపడ్డాయి. పొద్దున కట్టిన తాడు సంగతి ఆ రెండు చెవుల మధ్యా ఎక్కడా లేదని తెలిసిపోయింది.

ఒక్క కేక వేస్తే చాలు. 'బావా, తాడు!' అంటే అయిపోతుంది. ఎంతయినా పెళ్ళాం తోడబుట్టినవాడు. పాతికేళ్ళు ఒకే చెక్క గోడకి అటొకడూ ఇటొకడూ కూర్చున్నారు. హిండర్క్ నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే నెత్తి మీద గంట గణగణమంది. తిత్తులు నిండుగా ఉన్నాయి. గాలి ఏమీ తక్కువ లేదు. జనం ముందు దర్జా కోసం మోగించాడు.

హిండర్క్ నోరు మూసుకున్నాడు. మూడు తిత్తుల్నీ ఇంకాస్త గట్టిగా తొక్కి నింపాడు.

"ఈ స్వరాన్ని ఒంటరిగా వినాలి," అంటున్నాడు రీమ్ట్. "పిడి లాగడంలోనే ఉంది అంతా. గుంజకూడదు. ఇలా, పెళ్ళికూతురి ముసుగు తీసినట్టు, మెత్తగా..."

టక్.

పిల్లనగ్రోవి పలికింది, నిజంగానే చాలా బాగా పలికింది. దాంతోపాటే తోక. మాట్లాడుతున్న నోరు తెరిచే ఉంది కాబట్టి సగం అందులోకే పోయింది.

రీమ్ట్ రెండుసార్లు తుమ్మాడు. తర్వాత కిందనున్న ఫోల్కె, పాతికేళ్ళ కిందట తన పెళ్ళి రోజున అన్నయ్య వేసిన కేకే, అంతే గొంతుతో వేసింది.

"పడ్డాడర్రోయ్!"

ఊరు పరిగెత్తుకొచ్చింది. సగం పిండి కలుపుతున్న చేతులతో వచ్చారు. పాస్టరుగారు తోటలోంచి పార పట్టుకునే వచ్చారు.

"చెల్లదు! నేను లాగింది పిల్లనగ్రోవి!" అని అరుస్తున్నాడు రీమ్ట్. "తాకరాదు పిడిని నేను తాకలేదు!"

"ముందా వెంట్రుకలు ఉమ్మి మాట్లాడన్నయ్యా," అంది ఫోల్కె.

"తోక వచ్చింది ఎవరి మొహం మీదికి?" అని పాస్టరుగారు అడిగారు. ఆయన ప్రసంగం కంటే ప్రార్థనకి ముందు రీమ్ట్ వాయించే పాటే పొడుగని ఊళ్ళో అంటుంటారు, అది ఆయన మనసులో ఉంది.

"మొహం నాదే గానీ..."

"పిడి లాగిన చెయ్యి?"

"చెయ్యీ నాదే..."

"అసలు ఆ తాడు అక్కడికి ఎలా వచ్చిందండీ?" అంది ఆల్చె, ఏమీ ఎరగనట్టు.

రీమ్ట్ కోటు మీది దుమ్ము దులుపుకోసాగాడు. హిండర్క్ తిత్తుల గదిలోంచి బయటికి వచ్చి, చెక్క చెప్పులు రెండూ విప్పి, తుడిచి, బావ కాళ్ళ దగ్గర జతగా పెట్టాడు. కావలించుకున్నాడు కూడా. కళ్ళనీళ్ళు రావాలని చూశాడు గానీ నవ్వొచ్చింది.

ఇంటికి పోతూ దారిలో ఫోల్కెని అడిగాడు. "ఆవిడకి చెప్పేశావా?"

"నేనేం చెప్పాను? పిల్లనగ్రోవి జోలికి పోవద్దన్నాను; మా అన్నయ్యని ఒకసారి అడిగితే వాయించడు, మూడుసార్లు పొగిడితే కళ్ళు కనపడవు అన్నాను. అంతే."

"తాడు సంగతి నీకెలా తెలుసు?"

"నిచ్చెన ఇచ్చింది నేనే కదయ్యా. ఆర్గన్ వెనక మావాడు ఏం పీకుతున్నాడో నాకు తెలీదా?"

*

వెండి పెళ్ళికి వారమే ఉంది. హిండర్క్ రోజూ పాలు పితికేసి చర్చికి పరిగెత్తేవాడు. పాతికేళ్ళలో వేళ్ళు మొద్దుబారాయి. మీటల్ని నొక్కమంటే పిండుతున్నాయి. వెనక నుంచి రీమ్ట్ కేకలు.

"అది పాటా, ఆవు ఈనుతోందా?"

"నువ్వు గాలి సరిగ్గా పంపు ముందు."

"గాలి తినేస్తున్నావురా! కాస్త నమిలి మింగు!"

ఆ రోజు రానే వచ్చింది. చర్చి కిటకిటలాడింది. ముందు వరసలో ఫోల్కె, తల మీద వెండి ఆకుల దండ. ఆల్చె కూడా ఖాడీ దాటి వచ్చింది. ప్రార్థన అయింది, పాస్టరుగారి మాటలు అయ్యాయి. హిండర్క్ పైన బెంచీ మీద కూర్చుని అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని, మొదలుపెట్టాడు.

రంగులరాట్నం పాట. మొదట జనానికి అర్థం కాలేదు. ఇదేం కీర్తనా అని పాటల పుస్తకాలు తిరగేశారు. తర్వాత ఒక ముసలాయన కాలు ఆడింది. తర్వాత వరస వరసే ఊగింది. ఫోల్కె వెనక్కి తిరిగి మేడ వైపు చూసింది. చేతిలో చేపముక్క లేదు గానీ ఆ మొహం సంతలోని మొహమే.

అది చూసి హిండర్క్ ఒళ్ళు మరిచిపోయాడు. పిడులన్నీ లాగేశాడు. బాకాలు, పెద్ద గొట్టాలు, చిన్న గొట్టాలు. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. వెనక గదిలో చెక్క చెప్పులు టకటకటక మొదలై, టకాటకా అయి, ధబేల్ ధబేల్ అయ్యాయి. గోడలోంచి రొప్పు వినపడింది. ఆ రొప్పు హిండర్క్‌కి కొత్త కాదు. మోకాలి చిప్ప ఎక్కడ పట్టేస్తుందో, చెమట కంట్లోకి ఎప్పుడు దిగుతుందో వరసగా తెలుసు. వేళ్ళు వాటంతటవే మెత్తబడ్డాయి. బాకాలు లోపలికి తోసేశాడు. పెద్ద గొట్టాలు తోసేశాడు. పిల్లనగ్రోవి ఒక్కటీ ఉంచాడు. రంగులరాట్నం దూరంగా తిరుగుతున్నట్టు పాట సన్నగా సాగింది.

గోడ వెనక నుంచి చర్చి అంతా దద్దరిల్లేలా కేక వచ్చింది.

"బాకాలేవిరా బావా! నా మీద జాలి పడతావా నువ్వు! లాగు అన్నీ! నేనింకా చావలేదు!"

పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు. నవ్వు ఆపుకోవడానికో, ప్రార్థనకో తెలీదు. హిండర్క్ అన్నీ మళ్ళీ లాగాడు. చెక్క చెప్పులు కసిగా దబదబలాడాయి. పాట ఆగకుండా ఇంకో చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. ఫోల్కె లేచి నిలబడి పక్కనున్న ఆల్చెని పట్టుకుని గిరగిరా తిప్పింది.

చివరికి పాట దిగొచ్చింది. ఆనాడు సంతలో రాట్నం ఆఖరి చుట్టు పాటకి చీకటి పడుతుంటే చెట్ల మీద పిట్టలు అరిచాయి. ఆ పిట్టలు కూడా ఉండాలని హిండర్క్ వారం నుంచి అనుకుంటున్నాడు. గిన్నె అంచుదాకా సారా తనే నింపాడు పొద్దున. అన్నీ ఆపేసి, ఫోల్కె వైపు చూస్తూ, పిట్ట పిడి లాగాడు.

తుస్సుమంది.

ఇంకోసారి లాగాడు. మళ్ళీ తుస్సు. జనం మేడ వైపు తలెత్తారు.

హిండర్క్ గోడ కన్నం వైపు తిరిగాడు. అటునుంచి ఒక ఎర్రటి కన్ను ఇటే చూస్తోంది. పక్కనే, నాలుక కాస్త మడతపడ్డ గొంతు:

"ఎలుకలు బావా... ఎలుకలు."